పాత పేపరు మీద కత్తెర

సికింద్రాబాద్‌లో పాత పేపర్లలో ఎక్కువ భాగం తోపుడుబండి ఎక్కి కిలోల లెక్కన వెళ్ళిపోతాయి. ఎవరో ఒకరి మొండిపట్టు వల్ల కొన్ని అటకల మీద మిగులుతాయి. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఉంటున్న ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ ఇంట్లో అలా మిగిలిన కట్టలున్నాయి. వాళ్ళ నాయిన దాచినవి: గోల్కొండ పత్రిక, దక్కన్ క్రానికల్, ఆంధ్రపత్రిక విడి సంచికలు, కొన్ని ఉర్దూ పేపర్లు, 1969 తెలంగాణ ఉద్యమం నాటి పేపర్లు ఒక బీరువా నిండా. లాలాగూడలో పుట్టి పెరిగిన ఒక చిత్రకారిణి వాటిని అడగడానికి వచ్చింది. హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసినప్పటి నుంచి ఇప్పటిదాకా ‘మనం’ అన్నది ఎట్లా తయారైందో పాత పేపర్ల ముక్కలతో గోడంత బొమ్మగా చూపాలని ఆమె ఆలోచన. వాళ్ళ మాటలు నేను పక్కనే కూర్చుని విన్నాను. ఇద్దరికీ ఆ కాగితం మీద ప్రేమే. ఆ ప్రేమ దగ్గరే తగువు మొదలైంది.

పెద్దాయన: కట్టలు ఇస్తే ఏం చేస్తావు బిడ్డా? ముందు అది చెప్పు.

చిత్రకారిణి: కోస్తాను సార్. మీ దగ్గర దాచడం ఎందుకు? సర్జికల్ బ్లేడుతో ఫొటోలు, హెడ్డింగులు, కొన్నిచోట్ల ఒక్కొక్క అక్షరం కూడా కోసి, చేనేత గుడ్డ మీద మైదా జిగురుతో అతికిస్తాను.

పెద్దాయన: ఫొటో తీసుకుని ప్రింటు వేసుకోరాదూ? ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటివి ప్రెస్ అకాడమీ వాళ్ళు ఏనాడో స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరైనా తీసుకోవచ్చు.

చిత్రకారిణి: అవన్నీ చూశాను. తెర మీద అన్ని పేపర్లూ ఒకే బూడిదరంగులో ఉంటాయి. ఇదిగో, ఈ పేజీని తిప్పి వేలితో తడమండి. సీసం అక్షరం నొక్కినచోటల్లా వెనకవైపు సన్నటి గరుకు తగులుతోంది. ఈ వరసలో ‘త’ వత్తు సగం విరిగిపోయి ఉంది. కంపోజిటర్ గళ్ళపెట్టెలో ఇంకోటి లేక దాన్నే వాడుకున్నాడు కాబోలు. కిందికి రండి, మళ్ళీ అదే విరిగిన వత్తు. రాత్రి దీపం వెలుగులో నిలబడి, అక్షరాలను తలకిందులుగా, అద్దంలో బొమ్మలాగా పేర్చిన మనిషి చెయ్యి ఇది. ఎడిటర్ల పేర్లు పుస్తకాలకెక్కాయి. ఈయనకు మిగిలింది ఈ గరుకొక్కటే. స్కాన్‌లో అది పోతుంది.

పెద్దాయన: అంత బాగా చూసినదానివి, దాన్నే బ్లేడుతో కోస్తానంటావు!

చిత్రకారిణి: కోయకపోతే మాత్రం బతుకుతుందా? ముట్టుకుంటే రాలిపోతోంది.

పెద్దాయన: ఎందుకు రాలుతోందో తెలుసా? 1948లో మన దేశంలో న్యూస్‌ప్రింట్ తయారీయే లేదు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు ఉన్నా అది వేరే కాగితం. నేపానగర్ మిల్లు న్యూస్‌ప్రింట్ తీసింది 1950ల మధ్యలో. అంతకుముందు అంతా ఓడల్లో వచ్చిన సరుకే. కొయ్యను యంత్రంతో రుబ్బి చేసిన కాగితం, అందులోని లిగ్నిన్‌ను తీసెయ్యరు. దానికి వెలుతురు, గాలి తగిలితే పసుపెక్కుతుంది, లోపల ఆమ్లం పుట్టి కాగితం నారను తెంపేస్తుంది. ఒక్క రోజు చదవడానికి చేసిన వస్తువు అది. అయినా డెబ్బై ఏళ్ళు దాటి నిలిచిందంటే, చీకట్లో, కదపకుండా ఉంచాం కాబట్టే. ఆమ్లం తగ్గించే పద్ధతులున్నాయి. జపాన్ పలచ కాగితం, గంజి పెట్టి అతుకువేసే పద్ధతులున్నాయి. నీ మైదా జిగురు పూస్తే మాత్రం మొదట వచ్చేది పురుగు.

చిత్రకారిణి: జిగురు మార్చుకుంటాను. అసలు మాట అది కాదు కదా. ఎట్లాగూ పోయే కాగితం ఏదో ఒక రూపంలో జనం కళ్ళ ముందు ఉంటే మంచిదా, మీ బీరువాలో పొడి అయిపోతే మంచిదా?

పెద్దాయన: ‘ఎట్లాగూ పోయేదే’ అన్న మాటతోనే పెద్దపెద్ద లైబ్రరీలు తమ చేతులతో పేపర్లను పోగొట్టాయి. అమెరికాలో నికల్సన్ బేకర్ అనే రచయిత 2001లో ‘డబుల్ ఫోల్డ్’ అని ఒక పుస్తకం రాశాడు. పేజీ మూలను ముందుకూ వెనక్కూ మడవడం, చిరిగిందా కాగితం పని అయిపోయిందని తీర్పు చెప్పడం, అదీ ఆ లైబ్రరీల పరీక్ష. నెమ్మదిగా పేజీ తిప్పుకుంటే ఇంకా ఎన్నో ఏళ్ళు చదువుకోగల సంపుటాలను మైక్రోఫిల్మ్ తీసి వదిలించుకున్నారు. ఫిల్ములో రంగు పోయింది, కొన్ని పేజీలు మసకబారాయి, కొన్ని అసలే ఎక్కలేదు. సరిచూసుకుందామంటే అసలు కాగితం లేదు. బ్రిటిష్ లైబ్రరీ వదిలించుకుంటున్న అమెరికా పేపర్లను ఆ రచయితే కొని కాపాడాడు. పేపరు చచ్చిపోయిందని చెప్పడం తేలికమ్మా. చెప్పిన తర్వాత దానికి తిరుగులేదు.

చిత్రకారిణి: సార్, నేను లైబ్రరీని ఖాళీ చేయడం లేదు. నాలుగు కట్టలు అడుగుతున్నాను.

పెద్దాయన: సరే, నాలుగు కట్టల మాటే మాట్లాడుకుందాం. మన పక్కనే జరిగిన సంగతి చెప్తాను. బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు నిజాం చేతులు జోడించి నమస్కరిస్తున్న ఫొటో ఉంది కదా?

చిత్రకారిణి: నా బొమ్మకు మధ్యలో పెట్టుకున్నదే అది.

పెద్దాయన: ఎప్పటిది?

చిత్రకారిణి: లొంగిపోయినప్పటిది. 1948 సెప్టెంబర్.

పెద్దాయన: కాదు. అది 1949 ఫిబ్రవరి. పటేల్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఎదురెళ్ళి స్వాగతం చెప్పిన ఫొటో. 1948 సెప్టెంబర్ 18న లొంగిపోయింది నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురి ముందు, సికింద్రాబాద్ పొలిమేర దగ్గర. నిజాం ఆ చోట లేనే లేడు. ముందు రోజు రేడియోలో మాట్లాడాడు. కానీ ప్రతి సెప్టెంబర్ 17న ఆ ఫిబ్రవరి ఫొటోయే ‘లొంగుబాటు’ అని తిరుగుతుంది. ఎట్లా జరిగింది ఇది? ఎవరూ అబద్ధపు ఫొటో తయారు చేయలేదు. దాని పక్కనున్న తేదీని, కింది వాక్యాన్ని ఒకడెవడో కోసేశాడు, అంతే. నీ బ్లేడు చేసే పని అదే.

ఆమె కాసేపు మాట్లాడలేదు. ఫోన్‌లో తన బొమ్మ నమూనా తీసి, మధ్యలో ఉన్న ఆ ఫొటోను పెద్దది చేసి చూసుకుంది.

చిత్రకారిణి: తేదీ తెలియదు నాకు, ఒప్పుకుంటాను. కానీ సార్, ఆ తేదీ ఇన్నేళ్ళూ లైబ్రరీల్లో భద్రంగానే ఉంది కదా! ఉండి ఏం చేసింది? ఫొటో బజారులో తిరుగుతూనే ఉంది. 2022 సెప్టెంబర్ 17న మన పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం వాళ్ళు విమోచన దినోత్సవం జరిపారు, అదే పొద్దున పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం వాళ్ళు జాతీయ సమైక్యతా దినోత్సవం జరిపారు. 2024కు వచ్చేసరికి రాష్ట్రానికి అది ప్రజాపాలన దినోత్సవం. ఒకే రోజుకు ఇన్ని జెండాపండుగలు. వాటిలో ఏ ఒక్కటైనా మీ బీరువా తెరిచి నిర్ణయించిందా? చరిత్ర బొమ్మలుగానే తిరుగుతోంది. తప్పు బొమ్మకు జవాబు బొమ్మతోనే చెప్పాలి. ఆ పని నాలాంటివాళ్ళది.

పెద్దాయన: బొమ్మ చెయ్యొద్దని నేనెప్పుడన్నాను? కోయొద్దంటున్నాను.

చిత్రకారిణి: వివాన్ సుందరం ఏం చేశాడో చూడండి. బొంబాయి అల్లర్లప్పుడు హోషీ జాల్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో టైమ్స్ ఆఫ్ ఇండియాలో వచ్చింది. వీధిలో బోర్లా పడి ఉన్న శవం. పేపరు చదివి మడిచేశాం, మర్నాడు ఇంకో పేపరు వచ్చింది. ఆయన మడవలేకపోయాడు. 1993లో ‘మెమోరియల్’ అని ఒక పెద్ద కళాకృతి చేశాడు. ఆ ఒక్క ఫొటోనే మళ్ళీ మళ్ళీ తీసుకుని, దాని మీద మేకులు కొట్టి, చుట్టూ సమాధి లాంటి కట్టడం కట్టాడు. పేరు తెలియని ఆ మనిషికి దేశం ఇవ్వని అంత్యక్రియలు ఒక చిత్రకారుడు చేశాడు. పేపరు ఆ పని చేయలేదు సార్.

పెద్దాయన: గొప్ప పనే, కాదనను. కానీ ఆయన మేకు దిగింది ఫొటో ప్రతి మీద. ఆ రోజు పేపరు ఆ తర్వాత కూడా చదువుకోవడానికి మిగిలే ఉంది. మన హైదరాబాద్ అమ్మాయే, వరుణికా సరాఫ్, ఏం చేసింది?

చిత్రకారిణి: ఆమె పని నాకు బాగా తెలుసు. ‘వీ, ద పీపుల్’. స్వాతంత్ర్యం తర్వాత ఈ దేశంలో జరిగిన ఉద్యమాలు, అల్లర్లు, లాఠీఛార్జీలు, వీటి పాత ఫొటోలను చూసి గుడ్డ మీద దారంతో కుట్టింది. చిన్నచిన్న బొమ్మలు. దగ్గరికి వెళ్ళి వంగి చూస్తే తప్ప ఏ ఘటనో తెలియదు.

పెద్దాయన: కెమెరా రెప్పపాటులో పట్టిన దాన్ని కూర్చుని రోజుల తరబడి కుట్టిందంటే, ఆ ఘటన దగ్గర అన్ని రోజులు ఉందన్నమాట. కోయకుండానే కదా చేసింది!

చిత్రకారిణి: అది ఆమె దారి. ఆమెకు కావలసింది ఘటన. నాకు కావలసింది కాగితం.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. పేపరు ముక్కను బొమ్మలో అతికించడం కొత్త కాదు. 1912లో పికాసో తన బొమ్మల్లో అతికించిన పేపరు ముక్కల మీద బాల్కన్ యుద్ధం వార్తలున్నాయి. అప్పుడు ఆ పేపరు ఆ వారానిదే. పారిస్‌లో ఏ కొట్లో అడిగినా దొరికే కాగితం. ఒకటి కోసినా ఊళ్ళో వేలకు వేలు మిగిలే ఉన్నాయి. గోల్కొండ పత్రిక ఒక్క సంచిక ఇంకా ఎన్ని చోట్ల ఉందో లెక్క చూసినవాళ్ళు తక్కువ. పద్ధతి ఒకటే అయినా, దానికి మనం చెల్లించే మూల్యం ఒకటి కాదు. నేను పెద్దాయన పక్షానే ఉన్నాననుకున్నాను. ఆ తర్వాత ఆమె అన్న మాటలు విని కదిలిపోయాను.

చిత్రకారిణి: మా తాత లాలాగూడ వర్క్‌షాప్‌లో ఫిట్టర్. నిజాం రైల్వే కాలంలో చేరాడు, సౌత్ సెంట్రల్ రైల్వే వచ్చాక రిటైరయ్యాడు. ఇంట్లో తెలుగు, పనిలో ఇంగ్లీషు హుకుములు, బస్తీలో దక్కనీ. మీ కట్టల్లో ఆయన ఎక్కడున్నాడు? జమీందార్లున్నారు, వకీళ్ళున్నారు, కవులున్నారు, ఏ దివాన్‌గారు ఏ విందుకు వెళ్ళారో ఉంది. వర్క్‌షాప్ కూత విని లేచే వేలమంది లేరు. మా నాయినమ్మ లేదు. దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డివర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టాడు, తర్వాత దాన్నే ఆది హిందూ చేశాడు. మీ నాయిన అంత శ్రద్ధగా దాచిన కట్టల్లో అది ఒక్కటైనా ఉందా?

పెద్దాయన: లేదు.

చిత్రకారిణి: పి.ఆర్. వెంకటస్వామి గారు హైదరాబాద్ దళిత ఉద్యమ చరిత్రను ‘అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్’ అని రాసి 1955లో ఈ సికింద్రాబాద్‌లోనే అచ్చేయించారు. ఎందుకు? పేపర్లను నమ్ముకుంటే తమ చరిత్ర మిగలదని కదా! 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం చేసిన పోలీసు చర్య తర్వాత జిల్లాల్లో ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. పూర్తి పాఠం 2013లో గానీ అందరి చేతికీ రాలేదు. ఆ నెలల పేపర్లలో ఊరేగింపులు, జెండాలు, స్వాగత తోరణాలు ఎంత చోటు తీసుకున్నాయో మీరే చూడండి. ఆ చావులకు ఎంత చోటు దొరికిందో కూడా చూడండి. ఇట్లాంటి పేజీని దేవుడి పటంలా దాచమంటారు. నేను దాంట్లో రంధ్రాలు చేస్తాను. ఎవరు లేరో అక్కడ కోస్తాను. ఖాళీయే నా బొమ్మ.

ఆయన లేచి వెళ్ళి ఒక పేజీని అట్ట మీద పెట్టుకుని తెచ్చి, బల్ల మీద పరిచారు. చాలాసేపు దాన్నే చూస్తూ మాట్లాడారు.

పెద్దాయన: నువ్వు చెప్పినదంతా నిజం బిడ్డా. ఈ కట్టల్లో మీ తాత లేకపోవడం నిజం. అందుకే చెప్తున్నా, విను. చరిత్రలో ఉన్న రంధ్రం వేరు, నువ్వు కోసిన రంధ్రం వేరు. ఇవాళ నువ్వు నిలబడి చెప్తావు కాబట్టి రెండింటికీ తేడా తెలుస్తుంది. యాభై ఏళ్ళ తర్వాత నీ బొమ్మ ముందు నిలబడినవాడు ఏమనుకోవాలి? ఇక్కడ ఏదో వార్త ఉండేది, ఎవరో తీసేశారనుకుంటాడు. అసలు ఇక్కడ వార్తే లేదన్న సంగతి, అదే కదా నువ్వు చెప్పదలచుకున్నది, వాడికి ఎవరు రుజువు చేస్తారు? పేజీ మొత్తం ఉంటేనే లేనిది కనపడుతుంది. నిండుగా ఉన్న ఎనిమిది కాలమ్‌లు వరసగా చదువుకుంటూ పోయి, చివరికొచ్చి, లాలాగూడ మాటే లేదే అనుకుంటాడు చూడు, ఆ క్షణం నీ కత్తెర ఇవ్వలేదు.

చిత్రకారిణి: ఎనిమిది కాలమ్‌లు చదివే మనిషి ఎక్కడున్నాడు సార్?

పెద్దాయన: చదివించేట్టు చెయ్యి, అదే నీ కళ. ఇంకొకటి. నువ్వు ఎప్పుడూ ఫొటోలు, హెడ్డింగులే కోస్తావు. ప్రకటనలు ఎందుకు వదిలేస్తావు?

చిత్రకారిణి: ప్రకటనల్లో దేశ చరిత్ర ఏముంది?

పెద్దాయన: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం పెట్టారు. దాని మీద వచ్చిన డబ్బుతో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. తెలుగువాళ్ళ జాతీయోద్యమ వార్తలకు కాగితం ఖర్చు పెట్టింది తలనొప్పి మందు. అమృతాంజనం ప్రకటన ఉన్న మూలను కోసి పారేసి, పైనున్న గాంధీగారి ఫొటో ఒక్కటే గోడకు పెట్టావనుకో, దేశభక్తి గాలిలోంచి ఊడిపడినట్టుంటుంది. వార్త కింద ప్రకటన, ప్రకటన పక్కన బియ్యం ధర, దాని కింద పెళ్ళికబురు. ఆ రోజు మనిషి వాటన్నిటినీ ఒకే చూపులో చూశాడు. ఆ ఇరుగుపొరుగు చెదిరితే ఆ రోజే చెదిరిపోతుంది.

చిత్రకారిణి: ఆ ఇరుగుపొరుగు మాట నచ్చింది. పేజీని పేజీగా తీసుకోవాలంటే బొమ్మ కొలత మొత్తం మారిపోతుంది... మారితే మారనీ. కానీ మిమ్మల్ని కూడా ఒకటి అడుగుతాను. ఈ ఉర్దూ పేపర్లు మీరు చదవగలరు. మీ పిల్లలు?

పెద్దాయన: చదవలేరు. మా నాయిన ఉర్దూ మీడియం, నేను ఇంట్లో నేర్చుకున్నాను. నాతో సరి.

చిత్రకారిణి: మరి మీ తర్వాత ఈ పేజీలు మొత్తంగా ఉన్నా ఏం లాభం? కోయని పేజీ కూడా రంధ్రమే అప్పుడు. నా బొమ్మలో ఉర్దూ పత్రిక నడిపిన షోయబుల్లాఖాన్ ముఖం పెట్టాలనుకున్నాను.

పెద్దాయన: పెట్టు. కానీ ఆయన రాసిన వాక్యం ఒక్కటైనా తెలుసా నీకు? ఎవరికీ తెలియదు. ముఖం పోస్టరైంది, మాట పోయింది. మందుముల నర్సింగరావు గారి రయ్యత్ పత్రికలో పనిచేశాడు. దాన్ని సర్కారు మూయించింది. ఆ తర్వాత తనే ఇమ్రోజ్ పెట్టాడు. ఇండియాలో చేరాలని ఏడుగురు ముస్లిం పెద్దలు ఇచ్చిన ప్రకటన 1948 ఆగస్టులో అందులో అచ్చయింది. కొద్దిరోజులకే, ఆగస్టు 21 అర్ధరాత్రి, ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే దారికాచి చంపారు. రాసే చెయ్యి నరికారు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ముస్లిం అయివుండి ఉర్దూలో రాసి ఈ దేశాన్ని కోరుకున్నవాడు. ఇప్పుడు ఉర్దూ అంటే ఒక మతం, ఇండియా అంటే ఇంకో మతం అనుకునేవాళ్ళకు ఆయన వాక్యం వినిపించాలి. ముఖం చాలదు.

చిత్రకారిణి: అయితే మీరు చదవండి, నేను రికార్డు చేస్తాను. పేజీని అసలు కొలతలోనే ఫొటో తీసి, చేతితో చేసిన కాగితం మీద అచ్చేస్తాను. తేదీ, పేపరు పేరు, ప్రకటనలు, ఏదీ వదలను. కాతిబు చేత్తో రాసిన ప్రతి వరసా ఉంటుంది. ముందు నిలబడితే మీ గొంతు వినిపిస్తుంది, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఎవరు లేరో చెప్పడానికి ఆ పేజీని కోయను. పక్కన మా తాత రైల్వే పాసు అదే కొలతలో పెడతాను.

పెద్దాయన: రైల్వే పాసు ఉందా? తీసుకురా, చూస్తాను. దాన్ని కూడా బట్ట సంచీలో కాకుండా ఆమ్లం లేని కవరులో పెట్టాలి.

చిత్రకారిణి: అయినా నేను పూర్తిగా లొంగలేదు సార్. ప్రతిదీ ప్రతి మీదే చేస్తే చెయ్యి చచ్చిపోతుంది. అసలు కాగితం కోసేటప్పుడు భయం ఉంటుంది. తప్పు చేస్తే దిద్దుకోలేనన్న భయం. ఆ భయం బొమ్మలో కనపడుతుంది. చూసేవాడికి కూడా అంటుకుంటుంది. ప్రింటు కోస్తే అది రాదు. 1969 కట్టల్లో రెండేసి ప్రతులు ఉన్నవి నాకు కావాలి. గన్‌పార్క్‌లో ఎక్కా యాదగిరిరావు గారు చెక్కిన అమరవీరుల స్తూపం అందరూ చూస్తారు. క్లాక్‌టవర్ దగ్గర కాల్పుల్లో పడ్డ పిల్లల గురించి ఆ వారం పేపరు ఏం రాసిందో నాకు అసలు కాగితం మీదే కావాలి.

పెద్దాయన: రెండు ప్రతులున్నవే?

చిత్రకారిణి: రెండు ఉన్నవే. ఒకటి మీ దగ్గర ఉంటుంది, మొత్తంగా.

పెద్దాయన: రెండు ఉన్నాయో లేదో ముందు లెక్క తేలాలి. జిల్లా ఎడిషను, సిటీ ఎడిషను ఒకేలా కనపడతాయి, లోపల వార్త మారుతుంది. పైపేజీ చూసి జంట అనుకుంటే పొరపాటే. తార్నాక ఆర్కైవ్స్‌లో, అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఏవి ఉన్నాయో కూడా చూసి రావాలి. పేజీకి పేజీ సరిపోల్చి, నిజంగా రెండోది అని తేలితే అప్పుడు ఇస్తాను.

చిత్రకారిణి: నెలలు పడుతుంది సార్ అది.

పెద్దాయన: పడుతుంది. ఈలోగా ఉర్దూ పేజీలు మొదలుపెడదాం. పొద్దున పూట రా, మధ్యాహ్నం దాటితే ఈ గదిలో ఎండ సూటిగా పడుతుంది, కట్టలు విప్పకూడదు.